జతకొక గుడిసె

వడ్డేపల్లి
జూన్ 3, 2025

మామా,

అమ్మ బాగుంది. మోకాలు నొప్పి అంటోంది గానీ అది ఎప్పుడూ ఉన్నదే. నువ్వు అడవిలో పులుల వాచర్ల క్యాంపుకు ఎక్కినప్పటి నుంచి ఫోను కలవడం లేదు. మన్ననూరుకు దిగినప్పుడు మాట్లాడదామంటే అప్పటిదాకా ఆగే సంగతి కాదిది. అందుకే మన పాత పద్ధతికి వచ్చిన. నేను వనపర్తి హాస్టల్లో చదివేటప్పుడు నువ్వు రేవు పని దగ్గర నుంచి కార్డులు రాసేవాడివి, నేను జవాబు రాసేదాన్ని. ఈ ఉత్తరం రేషన్ జీపు నడిపే కురుమూర్తన్న పేరున వేస్తున్న. మీ వాచర్ల బియ్యం మూటతో పాటు నీ దగ్గరికి వస్తుంది.

కెనడా చదువు సంగతి నీకు తెలుసు. రెండు కాలేజీలు రమ్మన్నాయి. రెండూ సముద్రం పక్కనే, కానీ ఒకటి ఆ దేశానికి పడమటి కొస, ఇంకోటి తూర్పు కొస. పడమట బ్రిటిష్ కొలంబియా. అక్కడ మన దిక్కు వాళ్ళు బోలెడు మంది. పెబ్బేరు ఫిషరీస్ కాలేజీలో నాతో చదివిన శ్రవణ్ కుమార్ కూడా అక్కడికే పోతున్నాడు. తూర్పున న్యూఫౌండ్‌లాండ్. సముద్రం నడుమ దీవి. మంచు, పొగమంచు, గాలి. అక్కడ గద్వాల పేరు విన్న మనిషి ఒక్కడైనా ఉంటాడో లేదో.

నాకు ఆ దీవికే పోవాలని ఉంది. పిచ్చి అనుకోకు. ఆ సముద్రంలో ఒకప్పుడు చేప అంటే బుట్ట ముంచితే వచ్చేదట. పట్టి పట్టి, ఒకనాటికి అయిపోయింది. సర్కారు వేటే ఆపేసింది. వేల మంది పని పోయింది. అట్లా పోగొట్టుకున్నవాళ్ళు ఇప్పుడు చేపను ఎట్లా పెంచాలో, ఎంత పట్టాలో కూర్చొని నేర్పుతున్నారు. పడమట మాత్రం సముద్రంలో వలలు కట్టి పెంచే పద్ధతి మెల్లగా ఆపేస్తామంటున్నారు. నేను నేర్చుకోవాల్సిందే ఆ పని. జూరాల నీళ్ళలో చేపలు పెంచే వల గూళ్ళ మీద ఏడాది పని చేసిన మనిషిని, ఆ మాత్రం నాకు తెలుసు.

ఒక్కటే రాష్ట్రం ఎంచుకోవాలె మామా. ఆ రాష్ట్రం ‘ఈ పిల్లను మేము తీసుకుంటున్నాం’ అని చీటీ ఇస్తేనే వీసాకు దారి. ఆ చీటీలు ఇప్పుడు లెక్కపెట్టి ఇస్తున్నారు. నేను నాన్చితే రెండూ పోతాయి. జులై పదిహేను లోపల చెప్పాలె.

అమ్మను అడిగితే ఒకటే మాట. “మీ మామ ఊ అంటె నేను ఊ అంట. ఆయన కాదంటె కాలు బయట పెట్టకు.” నాయన పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో పెద్ద మాట మేనమామవు నీదే కదా. నువ్వు ఊ అను.

నీ కోడలు,
పావని

*

క్యాంపు
జూన్ 12

బిడ్డా పావనీ,

నీ ఉత్తరం అందింది. బియ్యం మూట కింద పడి సగం నలిగింది, ఉప్పు వాసన కొట్టింది. అయినా నీ అక్షరం కాబట్టి చదువుకున్న. మాకు ఇక్కడ వానలు మొదలైనయి. పొద్దున పోయి పులుల ఫోటోలు తీసే కెమెరాలు చూసి వస్తున్నం. నిన్న ఒక ఆడపులి అడుగులు చూసిన. ఒక్కతే తిరుగుతుంది. మా సారు దానికి ఒక నంబరు పెట్టిండు, నేను ఒక పేరు పెట్టిన. పేరు చెప్తే మీ అమ్మ నన్ను తిడుతది.

ఇప్పుడు నీ సంగతి. సముద్రం అంటే నాకు భయం లేదు. మన దేశం పడమటి ఒడ్డున ఆరేండ్లు రేవుకు రాళ్ళు మోసినోణ్ణి. నా భయం ఇంకోటి, చెప్త విను.

ఆ రేవు పనికి మేము పోయేది గుంపుగ. మేస్త్రీ ఊరికి వచ్చి జతలను ఎంచుకునేటోడు. మొగుడు పెండ్లాం, లేకుంటె అన్నా చెల్లెలు. ఒంటి మనిషిని తీసుకునేటోడు కాదు. ఎందుకంటె అక్కడ జతకొక గుడిసె. అదే లెక్క. నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి భీమమ్మ అని ఒకామె వచ్చింది. మొగుడు చచ్చిపోయిండు. ఎట్లనో బతిమాలి గుంపుల కలిసింది గని, గుడిసె లేదు. ఒకరి చూరు కింద కొన్నాళ్ళు, ఇంకొకరి పొయ్యి పక్కన కొన్నాళ్ళు. వాన పడితె కూర్చునే నిద్ర. మగోళ్ళ చూపులు వేరే. చివరికి నేనే మేస్త్రీకి చెప్పి నా పేరు పక్కన ఆమె పేరు రాయించిన. ‘మా చిన్నమ్మ బిడ్డ’ అన్న. గుడిసె వచ్చింది. ఆమె దాంట్ల పండుకునేది, నేను మనూరి పోరగాళ్ళ గుడిసెల పండుకునేటోణ్ణి. నా బతుకుల నేను చేసిన మంచి పని ఏదన్న ఉంటె అదొక్కటే అనుకుంట.

అందుకే అడుగుతున్న. మనోళ్ళు ఒక్కరు గూడ లేని దీవికి నువ్వు ఒంటిగ పోతె నీకు గుడిసె ఎవరు ఇస్తరు? కోపం చేసుకోకు. నేను కాదంటలేను. నాకు జర టైమియ్యి. నీ సంగతి నేను చూస్త, నువ్వు పరేషాన్ గాకు.

మీ అమ్మకు మోకాలికి ఆముదం రాయమను. ఇక్కడి చెంచోళ్ళు ఇచ్చిన తేనె సీసా దాచి పెట్టిన.

మీ మామ,
దేవరాజు

*

వడ్డేపల్లి
జూన్ 20

మామా,

నీ సంగతి నేను చూస్త అన్నావు కదా. ఆ మాట చదివిన తర్వాత మూడుసార్లు మడిచి పెట్టి మూడుసార్లు తీసిన. అమ్మకు చదివి వినిపించిన. ఆమె “చూస్త అన్నడు, ఊ అనలేదు కద” అంది. అమ్మకు నీ పద్ధతి తెల్వదా? నువ్వు ఎప్పుడు సూటిగా ఊ అన్నావు? నాకు పదో తరగతి ఫస్టు వస్తే కూడా ‘పర్వాలేదు’ అని రాసినోడివి.

భీమమ్మ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు. కానీ అక్కడ అట్లా ఉండదు మామా. కాలేజీ వాళ్ళకు హాస్టలు ఉంది, నాలాంటి పిల్లలు వందల మంది ఉంటారు. నీ భయం ఊరికే.

వీసా పనులు చూసే కన్సల్టెన్సీ ఆయన మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. “అంత దూరం దీవి ఎందుకమ్మా, అందరూ పోయే చోటికి పో, రేపు ఏమన్నా అయితే మనోళ్ళే కదా వచ్చేది” అన్నాడు. శ్రవణ్ కుమార్ కూడా అలిగాడు. నిన్న గద్వాల బస్టాండులో కలిసి, “పావనీ, నువ్వూ నేనూ ఒక్క దిక్కే పోదాం, ఒకరికొకరం ఆసరా ఉంటం” అన్నాడు. మంచోడే. శ్రీరంగాపూర్‌లో చేపల వ్యాపారం చేసే వెంకటన్న కొడుకు. నీకు గుర్తుందో లేదో, ఒకసారి మనింటికి కూడా వచ్చాడు. ఏమనాలో తెలియక నవ్వి ఊరుకున్న.

మీ క్యాంపు దారిలో వాగు తగ్గినప్పుడు దిగి అమ్మకు ఒక్క ఫోను చెయ్యి. నీ నోట వింటే ఆమె మనసు కుదుటపడుతుంది.

నీ కోడలు,
పావని

*

మన్ననూరు
జులై 1

బిడ్డా,

నీకొక మంచి మాట రాస్తున్న. పండ్లు బయట పెట్టి నవ్వకు.

నీ ఉత్తరం చదివిన రోజే నాకు దారి దొరికింది. ఆడపిల్ల నోరు తెరిచి చెప్పదు, నవ్వి ఊరుకుంటది. అది తెల్వనంత అడివి మనిషినా నేను? సారును అడిగి సెలవు పెట్టిన. వాగు దాటేటప్పుడు ఫోను నీళ్ళల్ల పడ్డది, పోయింది. పోతె పోనీ అని సీదా శ్రీరంగాపూర్ బస్సెక్కిన.

వెంకటన్న పెద్ద మనిషి. చేపల వ్యాపారంల మంచి పేరు ఉంది. మన కులపోళ్ళే, గోత్రం గూడ అడ్డం లేదు. నా మేనకోడలు, మీ పిలగాడు ఒక్క చదువు చదివిండ్రు, ఒక్క దేశం పోతుండ్రు, జత చేద్దమా అన్న. వాళ్ళు ఎదురు చూస్తున్నట్టే ఉన్నరు. శ్రవణ్ కుమార్ మొఖం మీద వెలుగు నేను చూసిన. ఒకటే షరతు పెట్టిండ్రు, ఇద్దరు ఒక్క చోటనే, మనోళ్ళు ఉన్న దిక్కే ఉండాలె అని. అంటె పడమటి రాష్ట్రం. సరే అన్న. తాంబూలం మార్చుకున్నం. శ్రావణంల లగ్గం.

మళ్ళ మన్ననూరుకు వచ్చి కురుమూర్తి ఫోన్ల నుంచి అక్కకు చెప్పిన. ఏడ్చింది, సంతోషంతోటి. నీకు ఫోన్ చేయలే. పెండ్లి మాట మేనమామ ఎవరి ఫోన్ల నుంచో అరిచి చెప్పేది కాదు, కాయితం మీద రాయాలె. ఇంక నీకు గుడిసె రంది లేదు.

వచ్చే వారం ఇంకో రెండు రోజులు సెలవుంది. భీమమ్మను లగ్గానికి పిలవనీకి నాగర్‌కర్నూల్ పోతున్న. ఆమెను చూసి చానా యేండ్లయింది.

మీ మామ,
దేవరాజు

*

వడ్డేపల్లి
జులై 5

దేవరాజు మామకు,

నీ ఉత్తరం రాకముందే అమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. మా మామ అట్లా చెయ్యడు అన్న. ఇప్పుడు నీ చేతి రాతలో చదివిన.

నిన్ను నేను జత అడిగిన్నా? ఏ ఉత్తరంలో, ఏ లైన్లో అడిగిన్నో చూపించు. నవ్వి ఊరుకుంటే ఒప్పుకున్నట్టా? నువ్వు మేస్త్రీతో పోయే రోజులు కావు ఇవి. ఆ కాలేజీ నన్ను ఒక్కదాన్నే రమ్మంది. నా మార్కులు చూసి, నేను వల గూళ్ళ మీద చేసిన పని చూసి రమ్మంది. నా పక్కన ఎవరి పేరు ఉందని వాళ్ళు అడగలేదు. అడిగింది నువ్వు.

ఇప్పుడు ఏమయిందో విను. శ్రవణ్ కుమార్ ఇంట్లో ‘పిల్లే అడిగించింది’ అనుకుంటున్నారు. అతను నాకు రోజూ ఫోన్ చేసి, దీవి సీటు వదులుకున్నావా అని అడుగుతున్నాడు. నేను అసలు నిన్ను పంపలేదని చెబితే నమ్మలేదు. సిగ్గు పడుతున్న అనుకున్నాడు. కన్సల్టెన్సీ ఆయనకు కూడా తనే చెప్పేశాడు, పావని కూడా బ్రిటిష్ కొలంబియాకే అని. అమ్మ పసుపు దంచడం మొదలుపెట్టింది. నేను నోరెత్తితే “మీ మామ మాట ఇచ్చిండు, ఆయన మాట నేల మీద పడేస్తావా?” అంటోంది. ఆమెకు అక్కడ దీవీ లేదు, పడమరా లేదు. నీ మాట ఒక్కటే ఉంది.

అడవిలో ఆడపులి ఒక్కతే తిరుగుతుందని నువ్వే రాసినవ్. దానికి ఎవరితో తాంబూలం మార్చినవ్?

నాకు కోపమే కాదు, భయంగా ఉంది మామా. పదిహేనో తారీఖు వచ్చేస్తోంది. నువ్వు ఆ మాట వెనక్కి తీసుకుంటేనే అమ్మ దిగి వస్తుంది. వేరే దారి లేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు, తెలుసు. అయినా తీసుకో. నా కోసం తీసుకో.

పావని

*

వడ్డేపల్లి
జులై 13

మామకు,

నీ దగ్గర నుంచి ఒక్క ముక్క రాలేదు. కురుమూర్తన్న, వాగు పొంగింది, జీపు పోలేదు అంటున్నాడు. నిజమేనేమో. నువ్వు చదివి కూడా ఊరుకున్నావేమో అని కూడా అనిపిస్తోంది.

అమ్మ నాలుగు రోజుల నుంచి నాతో మాట్లాడడం లేదు. ఎవరిదో ఫోను వచ్చింది, విన్నది, పెట్టేసింది. పసుపు రోలు మూల పెట్టింది. ఏమైంది అని అడిగితే అవతలికి పోయింది. నాకు అన్నం పెట్టి తను పక్కింటికి పోయి కూర్చుంటోంది. శ్రవణ్ కుమార్ ఫోన్లు కూడా ఆగిపోయాయి. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి ఏదో నాకొక్కదానికే తెలియనట్టుంది.

ఈ రోజు నేను బ్రిటిష్ కొలంబియా కాలేజీకి రాను అని రాసేసిన. దీవి కాలేజీకి వస్తున్న అని రాసిన. నీ మాట లేకుండా నేను చేసిన మొదటి పని ఇది. నువ్వు నా మొఖం చూడను అన్నా, అమ్మ చూడను అన్నా పోవాలనే ఉంది, కానీ మీ ఇద్దరినీ పోగొట్టుకొని పోతే ఆ దీవి మీద నేనేం చేసుకోను? ఇది నీకే రాస్తున్న. ఇంకెవరికి రాయాలో తెలియదు.

పావని

*

క్యాంపు
జులై 21

బిడ్డా,

వాగు తగ్గి జీపు నిన్ననే వచ్చింది. నీ రెండు ఉత్తరాలు ఒక్కసారే అందినయి. చదువుకోనీకి బయట బండ మీద కూర్చున్న. నా తోటి వాచర్లు ఏం చెడు వార్త అని అడిగిండ్రు. ఉత్తరాలు జేబుల పెట్టుకొని కాయితం తీసిన.

నువ్వు తీసుకో అన్న మాట నేను నీ ఉత్తరం రాకముందే తీసుకున్న. అక్కకు ఫోన్ చేసి చెప్పిన గూడ, తిరిగొచ్చేటప్పుడు నాగర్‌కర్నూల్ల ఒకాయన ఫోన్ నుంచి. ఆమె నీకు చెప్పలేదా? నా మీద కోపం నీ మీద తీసిందన్న మాట. నా ఇజ్జత్ పోయిందని ఆమె బాధ. నేను ఆమెతోటి అన్న, అక్కా, పోయింది నాది, నువ్వెందుకు మోస్తున్నవ్ అని. ఫోను పెట్టేసింది.

ఎట్ల జరిగిందో చెప్త. భీమమ్మ ఇప్పుడు నాగర్‌కర్నూల్ల ఒక బడి ముంగట ఇడ్లీలు అమ్ముతుంది. తల నెరిసింది గని నోరు అట్లనే ఉంది. కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టింది. నేను సంబురంగ చెప్పిన, మా కోడలికి జత కుదిర్చిన, నీ లెక్క తిప్పలు పడొద్దని. ఆమె చెంచా కింద పెట్టింది.

“నేను జత లేక తిప్పలు పడ్డనా దేవరాజు?” అన్నది.

“మరి?” అన్న.

“గుడిసె లేక పడ్డ. నీ పేరు పక్కన నా పేరు రాస్తె వాన ఆగింది, నిజమే. నీ మేలు మరువ. గని ఆ గుడిసె నీది, నాది కాదు. నువ్వు మంచోనివి కాబట్టి బయట పండుకున్నవ్. వేరేటోడు అయితె? మేస్త్రీ నాకు ఒక తలుపు ఇచ్చి, దానికి లోపలి గడియ ఇచ్చి ఉంటె, నాకు ఎవని జతా అక్కర లేకుండె. ఒంటి మనిషికి గుడిసె లేదన్నది మేస్త్రీ రాసిన లెక్క. దేవుడు రాసింది కాదు. ఇప్పుడు నువ్వు ఆ పిల్లకు మేనమామవా, మేస్త్రీవా?”

ఇడ్లీ పక్కకు పెట్టిన బిడ్డా. ఇన్నేండ్లు నేను చేసిన మంచి పని అది అనుకున్న. మంచిదే. కాని ఆ పనిలకెల్లి నేను నేర్చుకున్నది తప్పు.

అక్కడి నుంచి మళ్ళ శ్రీరంగాపూర్ పోయిన. వెంకటన్న ఇంటి వాకిట్ల నిలబడి, తప్పు నాది, పిల్ల అడగలే, నేనే తొందరపడ్డ అన్న. లోపలికి రమ్మనలే. వాళ్ళ తమ్ముడు తాంబూలం పళ్ళెం తెచ్చి నా కాళ్ళ కాడ పెట్టిండు. “ఇంకోసారి ఈ ఊర్ల బస్సు దిగకు” అన్నడు. దిగను అన్న. అక్కడ నలుగురు జమైండ్రు, వాళ్ళ ముంగట పళ్ళెం ఎత్తుకొని బస్టాండు దాకా నడిచిన. శ్రవణ్ కుమార్ ఎనక నుంచి వచ్చిండు. కొడుతడేమో అనుకున్న. “మామా, ఆమె చెప్తనే ఉంది, నేనే ఇనలే” అన్నడు. సంచి అందుకొని బస్సుల పెట్టిండు. ఆ పిలగాని మీద కోపం ఉంచుకోకు.

నువ్వు నా మాట లేకుండ చేసిన మొదటి పని అంటున్నవ్. నీ మామ ఊ అనకముందే నువ్వు ఊ అన్నవ్, అంతే. నాకు బాధ అయింది, దాచను. మంచిగ గూడ అనిపించింది. ఈ ఉత్తరం అక్కకు చదివి వినిపించు. దేవరాజు ఊ అన్నడు, సూటిగ అన్నడు అని చెప్పు. నమ్మకపోతె ఈ లైను చూపించు: ‘ఊ’.

ఒక్కటి అడుగుత. కాలేజీ సంగతి, సముద్రం సంగతి, మంచు సంగతి నాకు రాయకున్నా సరే. నీకు ఇచ్చే గదికి లోపలి గడియ ఉందా లేదా, అక్కడికి పోయినంక అది చూసి రాయి. తేనె సీసా కురుమూర్తితోటి పంపుతున్న.

మీ మామ,
దేవరాజు

*

సెయింట్ జాన్స్, న్యూఫౌండ్‌లాండ్
జనవరి 11, 2026

మామా,

ఇది ఎప్పటికి చేరుతుందో తెలియదు. రేషన్ జీపుకు తోడు ఇప్పుడు విమానం కూడా ఉంది.

నేను బయలుదేరిన రోజు అమ్మ గద్వాల స్టేషన్‌కు వచ్చింది. రాను రాను అంటూనే వచ్చింది. రైలు కదిలేదాకా నా సంచి జిప్పు సరి చేస్తూనే ఉంది. నిన్న ఫోన్‌లో, “అక్కడ చలికి మోకాలు జాగ్రత్త” అంది. నా మోకాళ్ళకేం కాలేదు, నొప్పి ఉన్నవి అమ్మవే.

ఇక్కడ గాలి మనిషిని తోస్తుంది. సముద్రం నల్లగా ఉంది, రేవులో పడవలు మంచు కప్పుకొని ఉన్నాయి. ఆ రేవు గోడ రాళ్ళు చూసినప్పుడు నువ్వు గుర్తొచ్చినవ్. ఎవరు మోశారో అనుకున్న. మా క్లాసులో ఒక పెద్దాయన పాఠం చెప్తాడు. వాళ్ళ నాయన చేపల వేట ఆగిపోయిన ఏడాది పడవ అమ్ముకున్నాడట. జూరాల గురించి అడిగి అడిగి చెప్పించుకున్నాడు. గద్వాల పేరు విన్న మనిషి ఇప్పుడు ఈ దీవిలో ఒకడున్నాడు.

మొదటి రోజు రాత్రి నాకు గది చూపించారు. చిన్నది. ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ. తాళంచెవి చేతిలో పెట్టి హాస్టలామె వెళ్ళిపోయింది. నేను కోటు కూడా విప్పకుండా ముందు తలుపు మూసి చూసిన.

గడియ ఉంది మామా. లోపలి వైపే ఉంది. రోజూ నేనే వేసుకుంటున్న, పొద్దున నేనే తీస్తున్న. భీమమ్మకు చెప్పు.

నీ కోడలు,
పావని